అడవిలో క్యాంపులు సరే, ఠాణాలు ఎప్పుడు?

సంపాదకుల వారికి నమస్కారం.

2026 మార్చి 31 నాటికి మావోయిస్టు ఉద్యమాన్ని అంతం చేస్తామని కేంద్ర హోంశాఖ గడువు ప్రకటించినప్పటి నుంచి ఆ విషయం మీద వచ్చిన వార్తలు చాలావరకు మృతుల సంఖ్యతోనో, లొంగుబాట్ల సంఖ్యతోనో మొదలై అక్కడే ముగుస్తున్నాయి. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల మీద మూడు వారాల కూంబింగ్, 2025 మే 21న నారాయణ్‌పుర్ జిల్లాలో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు మృతి, అక్టోబరులో గడ్చిరోలిలో ఆ పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు లొంగుబాటు, నవంబరు 18న మారేడుమిల్లి అడవిలో మావోయిస్టు కమాండర్ హిడ్మా మృతి, ఇవన్నీ ఒక్క ఏడాదిలోనే జరిగాయి. ఉద్యమం ఎన్నడూ లేనంతగా బలహీనపడిందన్న విషయంలో నాకు సందేహం లేదు. అయితే ఈ ఫలితం ఎవరి వల్ల, ఎలా వచ్చిందో సరిగ్గా లెక్క వేసుకోకపోతే ఇకముందు చేయవలసిన పని పక్కదారి పడుతుందన్న ఆందోళనతో, ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు ఇవతల నివసించే పాఠకుడిగా ఈ లేఖ రాస్తున్నాను.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో శాంతిభద్రతలు, పోలీసు రాష్ట్రాల జాబితా కింద ఉన్నాయి. అంతర్గత కల్లోలం నుంచి రాష్ట్రాలను కాపాడే బాధ్యతను 355వ అధికరణం కేంద్రానికి అప్పగించింది. కేంద్ర రిజర్వు పోలీసు బలగం (సీఆర్పీఎఫ్) పనిచేసేది ఈ రెంటికీ నడుమ ఉన్న జాగాలో. 1939లో నీమచ్‌లో పుట్టి, 1949 చట్టంతో ఇప్పటి పేరు పొందిన ఈ బలగానికి ఫిర్యాదు తీసుకునే ఠాణా లేదు. పట్టుకున్న మనిషిని స్థానిక పోలీసుకు అప్పగించవలసిందే. దూరప్రాంతం నుంచి వచ్చిన జవానుకు గోండీ రాదు, కోయ రాదు. ఏ పల్లెలో ఎవరు ఎవరికి చుట్టమో తెలిసేలోపే బదిలీ అవుతుంది. అతని ధైర్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. తెలియని నేల మీదికి పంపినవారిదే బాధ్యత అంటున్నాను.

2010 ఏప్రిల్ 6న దంతెవాడ జిల్లా తాడ్‌మెట్ల వద్ద మావోయిస్టుల దాడిలో 76 మంది చనిపోయారు. వారిలో 75 మంది సీఆర్పీఎఫ్ వారు, ఒక్కరు మాత్రమే రాష్ట్ర పోలీసు. ఆనాటి వ్యూహం లోపమేమిటో ఈ ఒక్క నిష్పత్తి చెబుతుంది. మన అనుభవం దీనికి భిన్నం. 1989లో కె.ఎస్. వ్యాస్ రూపొందించిన గ్రేహౌండ్స్ రాష్ట్ర పోలీసుల నుంచి ఎంపికైన దళం. స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచ్ సేకరించిన సమాచారం మీద, చిన్న చిన్న జట్లుగా, తెలిసిన అడవిలో, తెలిసిన భాషలో పనిచేసింది. వ్యాస్‌ను 1993 జనవరిలో హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో నక్సలైట్లు కాల్చిచంపినా ఆ దళం చెదరలేదు. అదే గ్రేహౌండ్స్ 2008 జూన్ 29న ఒడిశాలోని బలిమెల జలాశయంలో పడవ మీద వెళుతూ దాడికి గురైనప్పుడు 38 మంది ప్రాణాలు పోయాయి. శిక్షణ అదే, మనుషులూ అలాంటివారే. వారి కాళ్ల కింద తమ నేల లేదు, అంతే. నారాయణ్‌పుర్‌లో కేశవరావు మరణించిన ఆపరేషన్‌లో ముందున్నదీ స్థానిక యువకులతో ఏర్పడిన రాష్ట్ర పోలీసుల డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్, అంటే డీఆర్‌జీ దళమేనన్నది గమనించాలి.

అలాగని స్థానికుల చేతికి తుపాకీ ఇస్తే చాలదు. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో నడిచిన సల్వాజుడుం పేరుతో ఏం జరిగిందో సరిహద్దు జిల్లాల వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2005 తరువాత ఊళ్లు వదిలి గోదావరి పరీవాహక అడవులకు తరలివచ్చిన గుత్తికోయ ఆదివాసీ కుటుంబాలు ఇప్పటికీ మా చుట్టుపక్కలే ఉన్నాయి. అరకొర శిక్షణతో, నెలకు మూడు వేల రూపాయల భృతితో ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా పోరుకు పంపడం 14, 21 అధికరణాలకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు చెప్పింది. డీఆర్‌జీలో చేరినవారిలో పూర్వపు ప్రత్యేక అధికారులు, లొంగిపోయిన మావోయిస్టులు గణనీయంగా ఉన్నారు. పోరు ముగిశాక వీరి చేత ఏ పని చేయిస్తారు? నిన్నటి పగలు మనసులో పెట్టుకున్న మనిషి రేపు అదే ఊరిలో ఫిర్యాదు తీసుకునే పోలీసు అయితే ఎవరు గడప తొక్కుతారు? వీరికి చట్టం, దర్యాప్తు, ప్రజలతో మెలగవలసిన తీరు మొదటి నుంచి నేర్పాలి. కొందరిని వారి సొంత మండలాలకు దూరంగా నియమించడమూ అవసరం కావచ్చు.

ఉగ్రవాదం సంగతి కొంత వేరు. రాష్ట్రాల, దేశాల హద్దులు దాటే ముఠాలను ఒక జిల్లా ఎస్పీ వెంబడించలేడు. ముంబయి దాడుల తరువాత 2008 డిసెంబరులో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) చట్టం వచ్చింది అందుకే. 2013 ఫిబ్రవరి 21 నాటి దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసును ఆ సంస్థ దర్యాప్తు చేయగా 2016లో ప్రత్యేక న్యాయస్థానం ఐదుగురికి మరణశిక్ష విధించింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు దానిని సమర్థించింది. శిక్ష మీద ఎవరి అభిప్రాయం వారిదే అయినా, సాక్ష్యం కోర్టులో నిలబడేలా దర్యాప్తు జరగడం జాతీయ సంస్థ ఏం చేయగలదో చూపింది. ఇక్కడా ఒక మాట చెప్పక తప్పదు. ముంబయిలో మానేసర్ నుంచి కేంద్రం పంపిన ఎన్ఎస్‌జీ కమాండోలు దిగేసరికి తెల్లవారింది. ఆ రాత్రే కసబ్ ప్రాణాలతో చిక్కాడంటే అది లాఠీతో ఎదురునిలిచి ప్రాణం ఇచ్చిన స్థానిక ఏఎస్సై తుకారాం ఓంబ్లే వల్ల.

మన రాష్ట్రాల పోలీసును ఆదర్శంగా చూపి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో తమపై అత్యాచారం జరిగిందని 11 మంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ సిబ్బందిపై ఫిర్యాదు చేశారు. పదిహేనేళ్లకు పైగా సాగిన ఆ కేసులో 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం కోర్టు నిందితులను విడిచిపెడుతూ, దర్యాప్తు సరిగా జరగలేదని వేలెత్తి చూపి, బాధితులకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. ఛత్తీస్‌గఢ్‌లోని సర్కెగూడలో 2012 జూన్‌లో కాల్పులకు 17 మంది బలయ్యారు. వారు మావోయిస్టులనడానికి ఆధారం లేదని న్యాయ విచారణ సంఘం చెప్పేసరికి 2019 వచ్చింది. తమ వారి మీద వచ్చిన ఆరోపణను తామే విచారించుకునే ఏర్పాటు ఉన్నంతకాలం ఊరివాళ్లు పోలీసుకు సమాచారం ఇవ్వరు, ఇచ్చినా భయంతోనే ఇస్తారు. దర్యాప్తు విభాగాన్ని శాంతిభద్రతల విభాగం నుంచి వేరు చేయాలనీ, పోలీసులపై ఫిర్యాదులకు ప్రత్యేక ప్రాధికార సంస్థలు పెట్టాలనీ ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. అమలు విషయంలో ఏ పార్టీ ప్రభుత్వమూ ఉత్సాహం చూపలేదు.

మావోయిస్టు ప్రాంతాలలో ఒక్కొక్కటి రెండు కోట్ల రూపాయలతో 400 పటిష్ఠ పోలీస్ స్టేషన్లు కట్టే పథకాన్ని కేంద్రం 2010లో చేపట్టింది. దాడులు జరుగుతున్న రోజుల్లో ఆ ప్రహరీలు, ఆ ముళ్లతీగలు అవసరమే. కానీ భూమి తగాదాతోనో, కనబడకుండా పోయిన కూతురి కోసమో వచ్చిన కోయ రైతు ఆ గోడ దాటి లోపలికి వెళ్లి తన భాషలో చెప్పుకోగలుగుతున్నాడా అన్నది ఇప్పుడు అడగవలసిన ప్రశ్న. బస్తర్‌లో ఇటీవల వెలసిన కేంద్ర బలగాల క్యాంపులలో ఏవేవి ఏ సంవత్సరానికి మామూలు ఠాణాలుగా మారతాయి, వాటిలో గోండీ, కోయ మాట్లాడే సిబ్బంది ఎందరుంటారు, మహిళా ఎస్సైలు ఎందరు, వారి జీతాల భారాన్ని కేంద్రం ఎన్నేళ్లు పంచుకుంటుంది అన్న వివరాలతో కేంద్ర, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాలు ఒక కాలపట్టిక ప్రకటించాలి. గోదావరికి ఇవతల అటవీ మండలాల విషయంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కూడా అదే పని చేయాలి. మీ పత్రిక విలేకరులు ఎన్‌కౌంటర్ స్థలానికి వెళ్లినంత శ్రద్ధగా, ఆరు నెలల తరువాత అదే మండలంలోని ఠాణాకు వెళ్లి, ఎన్ని ఫిర్యాదులు నమోదయ్యాయో చూసి రాయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, భద్రాచలం