యానిమేషన్ నేర్చుకోవాలంటే ముందు బంతి

సంపాదకులకు,

ఇంటర్ అవ్వగానే యానిమేషన్ కోర్సుల్లో చేరే పిల్లలు తొలి వారంలోనే మనిషి బొమ్మను నడిపించాలని తొందరపడతారు. సంస్థలూ సరేనంటున్నాయి. 1930లలో డిస్నీ స్టూడియోలో రూపుదిద్దుకున్న సూత్రాల్లో టైమింగ్ (కదలికకు పట్టే సమయం), స్లో ఇన్-స్లో అవుట్ (కదలిక మొదట్లో, చివర్లో నెమ్మదించడం), ఆర్క్ (వంపుగా సాగే దారి), స్క్వాష్ అండ్ స్ట్రెచ్ (నొక్కుకుపోవడం, సాగడం) నాలుగూ ఎగిరే బంతితోనే చేతికొస్తాయి. అది వదిలేసి నడకలోకి దిగితే బొమ్మకు బరువు రాదు.

దీనికి కాగితం, పెన్సిల్ చాలు. సెకనుకు 24 ఫ్రేములు (తెరపై వరసగా కనిపించే చిత్రాలు), ఒక్కో బొమ్మకు రెండు ఫ్రేములు. సుమారు 1.2 మీటర్ల ఎత్తు నుంచి వదిలిన బంతి అర సెకనులో, అంటే 12 ఫ్రేముల్లో నేల తాకుతుంది. ఆ ఎత్తును 36 భాగాలు చేసి, పైనుంచి మొదలుపెట్టి ఒక్కో గుర్తును దాని ముందు గుర్తుకు వరసగా 1, 3, 5, 7, 9, 11 భాగాల దూరంలో పెట్టాలి. దూరాలు సమానంగా ఉంటే బంతిని తాడు కట్టి దించినట్టుంటుంది. మళ్లీ 20 భాగాల ఎత్తుకే లేస్తే, లేచి దిగడానికి 18 ఫ్రేములు పడుతుంది. ఎత్తు సగమైతే సమయమూ సగమే అనుకుంటారు చాలామంది. కాదు, పదింట ఏడు వంతులు ఉంటుంది.

బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్లకు అసలు చిక్కు గ్రాఫ్ ఎడిటర్‌లో, అంటే కదలికను గీతగా చూపే కిటికీలో. పైన ఒక కీ (ఆ ఫ్రేములో బంతి ఎక్కడుందో చెప్పే గుర్తు), కింద ఒక కీ పెడితే సాఫ్ట్‌వేర్ రెండు చోట్లా వేగం తగ్గించేస్తుంది, బంతి నేల దగ్గర తేలిపోతుంది. ఎత్తు చూపే గీతలో నేల తాకే కీని ఎంచుకుని, గీత వంపును నిర్ణయించే దాని హ్యాండిల్‌ను వెక్టర్ రకానికి మార్చాలి. గీత పైన గుండ్రంగా, కింద మొనదేలి కనిపించాలి. ముందుకు సాగే కదలిక గీత మాత్రం వంపుల్లేకుండా ఉండాలి.

స్క్వాష్ నేల తాకిన ఒక్క బొమ్మలోనే. ఎత్తు 0.8కి తగ్గిస్తే, కాగితం మీద వెడల్పు 1.25 కావాలి, 3డిలో అయితే మిగతా రెండు వైపులా 1.12 చొప్పున. లేదంటే బంతి కుంచించుకుపోయినట్టుంటుంది. సాగదీత బంతి వెళ్లే దిశలోనే ఉండాలి, శిఖరం దగ్గర బంతి పూర్తిగా గుండ్రం. 3డిలో బంతిని తిప్పే కంట్రోల్‌ను, నొక్కే కంట్రోల్ కింద దాన్ని అనుసరించేలా పెట్టకపోతే నొక్కుడు కూడా బంతితో పాటు తిరుగుతుంది.

కోర్సులు నడిపేవాళ్లకు ఒక విన్నపం. రబ్బరు బంతి, ఇనుప గుండు, పింగ్‌పాంగ్ బంతి మూడింటినీ ఒకే సైజులో, ఒకే రంగులో చేయించండి. ఏది ఏదో పక్కవాళ్లు కదలిక చూసి చెప్పగలిగాకే ఆ విద్యార్థికి నడక పాఠం మొదలుపెట్టండి.

– ఒక యానిమేషన్ అధ్యాపకుడు, హైదరాబాద్