తుఫానుకి ముందు ఇచ్చే సాయం మధ్యలో ఆపొద్దు

సంపాదకుడు గారికి,

2024 అక్టోబరు 9 రాత్రి మిల్టన్ తుఫాను సరసోటా దగ్గర తీరం దాటుతున్నప్పుడు, ఫ్లోరిడాలోని టాంపాలో మా ఇంట్లో పిల్లల్నీ మా అత్తగారినీ కిటికీల్లేని గదిలో కూర్చోబెట్టి, నేనూ మావారూ గరాజ్ తలుపు చప్పుడు వింటూ తెల్లారేదాకా మేలుకునే ఉన్నాం. టెన్షన్ అంతా ఆ తలుపు గురించే. అది విరిగిందంటే గాలి లోపలికి జొరబడి కప్పుని కిందనుంచి ఎత్తేస్తుంది. అత్తగారిది కోనసీమ. గాలివాన వస్తుందంటే పూరింటి కప్పు మీదుగా మోకులు వేసి గుంజలకి బిగించేవాళ్ళమని ఆ రాత్రంతా చెబుతూనే ఉన్నారు. ఇక్కడా చేసేది అదే, మోకుల బదులు కప్పుని గోడకి పట్టి ఉంచే ఇనప పట్టీలు.

1992లో ఆండ్రూ తుఫాను వచ్చి మయామీ దక్షిణాన ఊళ్ళకి ఊళ్ళు నేలమట్టం చేశాక, 2002 నుంచి ఫ్లోరిడా అంతటికీ ఒకే బిల్డింగ్ కోడ్, అంటే ఇళ్ళు ఎంత గట్టిగా కట్టాలో చెప్పే నిబంధనలు, అమల్లోకి వచ్చింది. మరి అంతకుముందు కట్టిన ఇళ్ళ సంగతి? వాటి కోసమే 2006లో ‘మై సేఫ్ ఫ్లోరిడా హోమ్’ పథకం పెట్టారు. ఇంటిని ఉచితంగా తనిఖీ చేసి ఏది బలహీనంగా ఉందో చెబుతారు. కిటికీలకి అడ్డంగా వేసే షట్టర్లకో, గరాజ్ తలుపుకో, కప్పు పట్టీలకో ఇంటివాళ్ళు ఒక డాలరు పెడితే ప్రభుత్వం రెండు డాలర్లు ఇస్తుంది, గరిష్ఠంగా 10,000 డాలర్లు. ఆదాయం తక్కువున్నవాళ్ళు తమ వాటా పెట్టనక్కర్లేదు. ఆపైన ఇన్సూరెన్స్‌లో తగ్గింపు కూడా.

ఇంత మంచి పథకం కొన్నేళ్ళకే ఆగిపోయింది! మళ్ళీ 2022లో గానీ మొదలుకాలేదు. 2024 జులైలో దరఖాస్తులు తీసుకుంటే వారాల్లోనే నిధులు అయిపోయాయి. సెప్టెంబరులో హెలీన్ తుఫాను, రెండు వారాలకి మిల్టన్. తుఫానులు ఏటా వస్తాయని తెలిసీ డబ్బు మాత్రం ఒక ఏడు ఉండి ఒక ఏడు లేకపోతే ఎలా?

‘వాళ్ళ ఇంటికి నా పన్ను డబ్బు ఎందుకు’ అని మనవాళ్ళే కొందరు అడుగుతున్నారు, నాకు బాధేస్తుంది. పక్కింటి కప్పు లేచిపోతే ఆ రేకులూ చెక్కలూ వచ్చి పడేది మన కిటికీ మీదే కదా. పైగా ప్రభుత్వం నడిపే సిటిజన్స్ ఇన్సూరెన్స్ సంస్థ లోటులో పడితే, ఆ భారం అందులో పాలసీ లేనివాళ్ళ మీద కూడా వేసే వీలు చట్టంలో ఉంది. ఎలాగూ కట్టేదే అయినప్పుడు, ఇల్లు కూలాక కట్టేకంటే నిలబెట్టడానికి కట్టడం నయం. మా వీధిలో పెన్షన్ మీద బతికే పెద్దావిడ ఒకరున్నారు, పాత ఇల్లు, ఒంటరిగా ఉంటారు. గాలి లేచిన ప్రతిసారీ నాకు ముందు ఆవిడ ఇంటి కప్పే గుర్తొస్తుంది.

ఈ పథకానికి ఏటా తప్పకుండా బడ్జెట్‌లో డబ్బు కేటాయించాలి, ఆ డబ్బు తుఫానుల కాలం మొదలయ్యే జూన్ 1కి ముందే ఇళ్ళకి చేరాలి. ఫ్లోరిడాలో ఓటున్న తెలుగువాళ్ళందరూ తమ ప్రాంతపు ప్రతినిధికి ఈ మాట రాయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఒక పాఠకురాలు, టాంపా