పోలీసులు పక్కన పెట్టిన సాక్ష్యాల జాబితా కూడా ముద్దాయికి ఇవ్వాలి

సంపాదకులు గారికి,

క్రిమినల్ కేసులో పోలీసులు సేకరించినవన్నీ ముద్దాయి చేతికి వస్తాయని చాలామంది అనుకుంటారు. రావు. నేను మేజిస్ట్రేటు కోర్టులో కేసులు చూసుకునే లాయర్ని, ఛార్జ్‌షీట్ కాపీలు తీసుకున్న ప్రతిసారీ ఈ సంగతే నన్ను తొలిచేస్తుంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 230వ సెక్షన్ ప్రకారం ముద్దాయి కోర్టులో హాజరైన 14 రోజుల్లోపు ఎఫ్ఐఆర్, సాక్షుల వాంగ్మూలాలు, ఇతర పత్రాలు ఉచితంగా ఇవ్వాలి, బాగానే ఉంది. కానీ ఆ ఇతర పత్రాలంటే ప్రాసిక్యూషన్ తన కేసు నిరూపించుకోవడానికి వాడుకునేవి మాత్రమే. వాళ్లకు పనికిరాదని, లేదా ముద్దాయికే పనికొస్తుందని పక్కన పెట్టేసిన దాని సంగతి ఆ సెక్షన్లో లేదు.

ఇది కింది కోర్టులో ఎలా ఉంటుందో చెప్తాను. బస్టాండు దగ్గర రాత్రిపూట కొట్లాట కేసు. ముద్దాయిల్లో ఒక కుర్రాడు ఆ టైముకి అక్కడ లేడంటాడు. ఎదురుగా మెడికల్ షాపులో సీసీ కెమెరా ఉంది, పోలీసులు మర్నాడే వచ్చి ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వెళ్లారని షాపాయన చెప్పాడు. ఛార్జ్‌షీట్ వచ్చాక ప్రతి పేజీ తిరగేశాను, పెన్‌డ్రైవ్ మాట ఒక్క చోట కూడా లేదు. షాపులో కెమెరా రికార్డయ్యే డీవీఆర్ పెట్టె చూద్దామంటే కొన్ని వారాలకే పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది కాబట్టి అందులోనూ లేదు. పిటిషన్ వేస్తే, మేం ఆధారపడిన డాక్యుమెంట్లన్నీ ఇచ్చేశాం అని ప్రాసిక్యూషన్ నుంచి ఒక్క లైను కౌంటరు (జవాబు) వచ్చింది. వాళ్లమ్మ మాత్రం, "మావాడు లేడని అందులో కనపడుద్ది కదా సార్, అది ఎందుకియ్యరు?" అని వాయిదాకొచ్చినప్పుడల్లా అడిగేది. ఆ ఫుటేజీలో అతను ఉన్నాడో లేడో నాకూ తెలీదు. తేలాల్సింది అదే కదా, తేలే దారే మూసేశారు.

అప్పుడే తెప్పించమని కోర్టుని అడగొచ్చుగా అంటారు. అభియోగాలు నమోదు చేసే దశలో ముద్దాయి పత్రాలు తెప్పించుకునే హక్కు మామూలుగా లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో దేబేంద్రనాథ్ పాఢి కేసులోనే చెప్పింది, కాబట్టి డిఫెన్స్ సాక్ష్యం దశ దాకా ఆగాలి. మన కోర్టుల్లో ఆ దశ రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు కాల్ డేటా గతి ఏమిటి? టెలికాం కంపెనీలు దాన్ని దాచాల్సింది రెండేళ్లే. పైగా అసలు ఏం సేకరించారో తెలిస్తేనే కదా ఫలానాది కావాలని అడిగేది!

సుప్రీంకోర్టు దీనికి దారి చూపించి ఏళ్లయింది. 2021 ఏప్రిల్ 20న, క్రిమినల్ విచారణల్లో లోపాల మీద తానే సుమోటోగా తీసుకున్న కేసులో, దర్యాప్తులో సేకరించిన వాంగ్మూలాలు, పత్రాలు, వస్తువులన్నిటి జాబితా ముద్దాయికి ఇవ్వాలని, దర్యాప్తు అధికారి ఆధారపడనివి ఏవో కూడా అందులో చూపాలని ముసాయిదా రూల్స్‌లో పెట్టింది, వాటిని ఆరు నెలల్లో తెచ్చుకోమని హైకోర్టులకు చెప్పింది. ఆ కేసులో ప్రతివాదుల్లో మొదటి పేరు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానిదే. 2022లో మనోజ్ కేసులో మళ్లీ అదే మాట. 2025 మే నెలలో సరళా గుప్తా కేసులో, ఈడీ పెట్టే మనీలాండరింగ్ కేసుల్లో కూడా ఆధారపడని వాటి జాబితా ఇచ్చి తీరాలంది. కోట్ల రూపాయల కేసుల్లో పేరున్న లాయర్లు నిలబడి సాధించుకున్నది, కూలి పనికెళ్లే కుర్రాడికి ఎందుకు అందదు?

సాక్షులకు ముప్పని పోలీసులు అంటారు. కొన్ని కేసుల్లో అది నిజమే, కొట్టిపారేయను. దానికి చట్టంలోనే వెసులుబాటు ఉంది, వాంగ్మూలంలో ఫలానా భాగం ఇవ్వకూడదని కారణం చూపి మేజిస్ట్రేటుని అడగొచ్చు. కేరళ నటుడు దిలీప్ ముద్దాయిగా ఉన్న, నటిపై దాడి కేసులో 2019లో సుప్రీంకోర్టు బాధితురాలి గోప్యత కోసం ఆ దాడి వీడియో ఉన్న మెమరీ కార్డు కాపీ ఇవ్వకుండా, చూసుకోవడానికి మాత్రం అనుమతించింది. అడ్డు ఉన్నచోట మేజిస్ట్రేటు తేలుస్తారు, స్టేషన్లోనే తేలిపోకూడదు. పోలీసులు రోజువారీ దర్యాప్తు రాసుకునే కేస్ డైరీ ఇమ్మని కూడా ఎవరూ అడగట్లేదు, అడిగేది ఒక జాబితా.

పబ్లిక్ ప్రాసిక్యూటర్లకు (పీపీలకు) కూడా ఒక మాట. ముద్దాయి నిర్దోషి అని చూపే ఏ సాక్ష్యాన్నీ ప్రాసిక్యూషన్ లాయరు దాచకూడదని బార్ కౌన్సిల్ రూల్స్‌లో సూటిగా ఉంది. కానీ దర్యాప్తు అధికారి (ఐఓ) పక్కన పెట్టింది చాలాసార్లు పీపీ టేబుల్ దాకా కూడా రాదు, ఆ పెన్‌డ్రైవ్ సంగతి మా పీపీ గారికి తెలిసి ఉండకపోవచ్చు. అందుకే రెండు రాష్ట్రాల డీజీపీలు, ప్రాసిక్యూషన్ డైరెక్టర్లు కలిసి ఒక సర్క్యులర్ ఇవ్వాలి, ఆధారపడని వాటి జాబితాపై ఐఓ సంతకం లేకుండా ఛార్జ్‌షీట్ పీపీ దగ్గర స్క్రూటినీ దాటకూడదని. కోర్టులో ఛార్జ్‌షీట్ చెక్ చేసేటప్పుడు కూడా ఆ జాబితా లేకపోతే వెనక్కి పంపేలా హైకోర్టులు ఆదేశించాలి. కొత్త చట్టం ప్రకారం సోదాలు, స్వాధీనాలు వీడియో తీయడం ఎలాగూ తప్పనిసరి అయింది కాబట్టి, ఏం తీసుకున్నారో రాసివ్వడానికి అదనపు కష్టం ఏమీ లేదు.

ఇట్లు,
ఒక న్యాయవాది,
గుంటూరు జిల్లా