పాలూ పంచదారా

ప్రియ మిత్రమా,

ఇస్త్రీకి ఇచ్చిన చారల చొక్కా ముడతలన్నీ పోయి పలకలా తిరిగొచ్చిందని వాపోయావు. పాపం ఇస్త్రీ అతన్ని తిట్టకు. నేతలోనే ముడతలు పడే చారల గుడ్డ సీర్‌సకర్; ఆ పేరు చెప్పి నీకు అమ్మినది బహుశా దాన్ని పోలిన ప్లిస్సే గుడ్డ అయి ఉంటుంది.

సీర్‌సకర్ అనే మాటకు మూలం పారసీకంలోని 'షీర్ ఒ షకర్', అంటే పాలూ పంచదారా. నున్నని చార పాలు, గరుకు చార పంచదార అన్నమాట. ఆ గరుకు మగ్గం మీదే పుడుతుంది. పడుగును, అంటే నిలువు పోగులను, రెండు బీములకు (మగ్గం దూలాలకు) చుట్టి, ఒకదాన్ని బిగించి, రెండోదాన్ని వదులుగా నడుపుతారు. వదులుగా వచ్చిన పోగులు పొడవు ఎక్కువ కనుక, అడ్డపోగులైన పేకతో అల్లుకున్నాక చదునుగా ఒదగడానికి చోటు చాలక ఉబ్బుతాయి. ఈ నేత నెమ్మదిగా సాగుతుంది, అందుకే ధరా ఎక్కువే. ఉబ్బిన చారలు ఒంటికి అంటుకోవు గనుక మన ఎండలకు దీన్ని మించిన చొక్కా లేదని నా అభిప్రాయం.

ప్లిస్సే సంగతి వేరు. మామూలు నూలు గుడ్డ మీద కాస్టిక్ సోడా ముద్దను చారలుగా అచ్చువేస్తే, అది తగిలిన చోట నూలు కుంచించుకుపోయి, తగలని చోట గుడ్డ ఉబ్బుతుంది. వేడి ఇస్త్రీకి ఆ ఉబ్బు క్రమంగా అణిగిపోతుంది. చొక్కా అంచు ఒక మూల తడిపి, పిండకుండా ఆరనివ్వు. ముడతలు మునుపటిలా లేస్తే దుకాణదారు బహుశా నిజమే చెప్పి ఉంటాడు.

ఇక చెల్లెమ్మ అడిగిన మడతల గౌను. మన కుచ్చిళ్ళు పొద్దున పోసుకుని రాత్రికి విప్పేవి; గంజి చీరవైనా సాయంత్రానికి కూలబడతాయి. వెనిస్‌లో దుస్తుల రూపకర్త మరియానో ఫోర్టునీ 1909లో పేటెంటు పొందిన పట్టు మడతలు సన్నగా, అందంగా ఉండేవి కానీ, తడిస్తే విడిపోయేవి. మళ్ళీ మడతలు వేయించడానికి గౌనును ఆయన దగ్గరికే పంపాల్సి వచ్చేది. జపాన్‌కు చెందిన దుస్తుల రూపకర్త ఇస్సే మియాకే ఈ చిక్కు పాలిస్టరుతో విప్పాడు. దుస్తును రెండున్నర, మూడు రెట్లు పెద్దదిగా ముందే కుట్టి, కాగితాల మధ్య పెట్టి వేడి ప్రెస్సులోకి పంపుతారు. వేడికి మెత్తబడిన పాలిస్టరు చల్లారేటప్పుడు మడతను పట్టేసుకుంటుంది, ఉతికినా వదలదు. 1993లో మొదలైన 'ప్లీట్స్ ప్లీజ్' దుస్తులు ఇవే.

కాబట్టి చెల్లెమ్మను పాలిస్టరుదే కొనుక్కోమను, ఇస్త్రీపెట్టె మాత్రం దాని దరిదాపులకు రానివ్వొద్దను. ఆ తడిపిన మూల ఏమైందో వెంటనే రాయి.

నీ మిత్రుడు