ఆ చిన్న కిటికీ దగ్గర నేనెందుకు వెనక్కి తగ్గానంటే

చిన్నీ,

నేను ఇంటికొచ్చి పది రోజులైంది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కానీ "తిన్నావా, చలి ఎలా ఉంది, మాత్రలు వేసుకున్నావా" దగ్గరే ఇద్దరం ఆగిపోతున్నాం. ఇటలీలో మనం తిరిగిన ఆ ఫ్లోరెన్స్ ఊరి మాట రాగానే నువ్వు వేరే సంగతి ఎత్తుతున్నావు, అది నాకు తెలుస్తోంది. ఫోన్లో చెప్పబోతే మధ్యలో నాకు ఏడుపొస్తుంది, నువ్వు అక్కడ ఒక్కదానివి కంగారుపడతావు. అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. ఆదివారం తీరిగ్గా చదువుకో.

అక్కడి తిండి రుచి చూస్తూ ఊళ్ళో తిరిగిన ఆ నడక నాకు నచ్చలేదని నువ్వు అనుకుంటున్నావు. అది నిజం కాదు తల్లీ. వచ్చిన దగ్గర్నుంచీ మీ నాన్నకీ పక్కింటి పిన్నిగారికీ అదే చెప్తున్నాను, మీ నాన్నకైతే ఆ పచ్చటి నూనె సంగతి మూడుసార్లు చెప్పాను. అయితే నువ్వు మిలాన్‌లో రైలెక్కేటప్పుడు "అమ్మా, ఇది ఫుడ్ అండ్ వైన్ టూర్" అన్నప్పుడు గుండెల్లో రాయి పడిన మాట నిజం. మన ఊళ్ళో వైన్ షాపు అంటే ఏమిటో నీకు తెలుసు కదా. వైన్ అనే మాట మీద రాసుంటుంది, లోపల అమ్మేది బ్రాందీ, విస్కీ. ఆ మాట వింటే నాకు ఆ ఇనుప జాలీ, దాని ముందు తోసుకునే మగవాళ్ళు, పక్కన పగిలిన సీసాలు, ఇవే కనిపిస్తాయి. నీతో ఏమీ అనలేదు. నువ్వు నీ జీతం డబ్బులతో మొదటిసారి నన్ను తిప్పుతున్నావు, నీ ముఖంలో ఆ సంబరం చూశాక ఇంకేమంటాను.

సాంతాంబ్రోజో మార్కెట్ దగ్గర మనల్ని తిప్పే గైడ్, ఆవిడ మనల్ని కలిసినప్పుడే నా భయం సగం తగ్గింది. 12 మందిమి ఉన్నాం కదా, ముందుగా నా దగ్గరికే వచ్చి, నువ్వు రాసి పంపినవన్నీ గుర్తు పెట్టుకుని, గొడ్డు మాంసం తినరు, కోడి, చేప తింటారు, అంతేనా అని అడిగింది. ఆ ఒక్క మాటతో నాకు ఊపిరి ఆడింది. ఆ మార్కెట్ 1873 నాటిదట. బయట కూరలు, లోపల మాంసం, జున్ను. నవంబరు కాబట్టి ఆ నల్ల క్యాబేజీ ఆకులు కట్టలు కట్టలుగా పెట్టారు, ముడతలు ముడతలుగా, పొడుగ్గా, చేత్తో పట్టుకుంటే గరుకుగా. నేను ఒక ఆకు తుంచి వాసన చూస్తే కూరలమ్మే పెద్దాయన నవ్వి ఇంకో ఆకు ఇచ్చాడు. భాష తెలియకపోయినా కూరల దగ్గర ఆడవాళ్ళకి పని జరిగిపోతుంది.

ఆ బోటీ బండి దగ్గర నువ్వు నన్ను చూస్తూ తెగ టెన్షన్ పడ్డావు. లాంప్రెదొత్తో అంటే ఆవు నాలుగో పొట్ట అని ఆవిడ చెప్పగానే నేను ముక్కు మూసుకుంటానేమో అనుకున్నావు. నేను తినలేదు, తినను కూడా. కానీ ఆ గిన్నెలోంచి వచ్చే ఆవిరి, ఉల్లిపాయ, టమాటా, ఇంకేదో ఆకు కలిసి ఉడికే ఆ వాసన దగ్గర నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పండక్కి ఊళ్ళో యాటని కోస్తే మంచి కండంతా ఉన్నవాళ్ళ ఇళ్ళకి పోయేది. మాకు దొరికేది బోటీ. అమ్మ వేడినీళ్ళు పోసి, ఉప్పూ పసుపూ రాసి, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా దాన్నే కడిగేది. ఇక్కడా ఇది కూలీనాలీ చేసుకునేవాళ్ళ తిండేనని ఆవిడ చెప్పింది. ఆ బండి ముందు సిమెంటు మరకల బట్టలతో ఒకాయన, కోటు వేసుకున్న ఆఫీసు మనిషి ఒకాయన పక్కపక్కనే నిలబడి తింటున్నారు. బండాయన రొట్టె పై ముక్కని ఆ పులుసులో ముంచి తీసి పెట్టడం నేను చాలాసేపు చూశాను. పులుసులో ముంచకపోతే ఆ రొట్టెకి రుచేముంది, ఉప్పే వేయరు కదా దానికి!

ఆ ఉప్పు లేని రొట్టె సంగతి నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను. పూర్వం పక్క ఊరు పీసా వాళ్ళు ఉప్పు రానివ్వలేదని కొందరు, ఉప్పు మీద పన్ను ఎక్కువని కొందరు చెప్పుకుంటారట. కారణం ఏదైనా, రొట్టె చప్పగా ఉంటుంది కాబట్టి పక్కనున్నది ఏదైనా ఇముడుతుంది, మన అన్నంలాగే. అన్నంలో మనం ఉప్పేస్తామా? ఎండిపోయిన రొట్టెని వాళ్ళు పారేయరు. రిబొల్లీతా అని ఇచ్చారే, బీన్సు, ఆ నల్ల ఆకు, పాత రొట్టె వేసి ఉడికించి, మర్నాడు మళ్ళీ ఉడికించేది. ఆ పేరుకి అర్థమే మళ్ళీ ఉడికించినదని. అది మన చద్దన్నం బుద్ధే. నీకు చెంచాడు తినగానే చాలు అనిపించింది, నేను నీ గిన్నె కూడా ఖాళీ చేశాను.

కాల్చిన రొట్టె మీద వెల్లుల్లి రుద్ది కొత్త నూనె పోసి ఇచ్చినప్పుడు నాకు దగ్గొచ్చింది, నువ్వు హడావిడిగా నీళ్ళు తెచ్చావు. ఆవిడేమో చప్పట్లు కొట్టింది, దగ్గొస్తే నూనె కొత్తదన్నట్టు అని. ఆ వారమే గానుగ ఆడించిన ఆలివ్ నూనె. మా చిన్నప్పుడు గానుగ దగ్గర వేరుశనగ నూనె చెయ్యి పట్టి నాకేవాళ్ళం, ఆ వెచ్చదనం గుర్తొచ్చింది.

తర్వాత వియా దె నేరి వీధి. శాండ్విచ్‌ల కోసం ఎంత పెద్ద క్యూ! 2018లో అక్కడి మునిసిపాలిటీ ఆ వీధిలో భోజనాల వేళ పేవ్‌మెంట్ల మీద, గుమ్మాల ముందు నిలబడి, కూర్చుని తినకూడదని రూల్ పెట్టిందని, 500 యూరోల దాకా జరిమానా అని ఆవిడ చెప్పి, మనల్ని గబగబా దాటించింది. పాత ఊళ్ళో ఇళ్ళన్నీ టూరిస్టులకి రోజు అద్దెలకి పోతున్నాయని, అందుకే 2023లో అలాంటి కొత్త అద్దెలు ఆ పాత భాగంలో ఆపేశారని కూడా చెప్పింది. మనం కూడా అలాంటి ఇంట్లోనే దిగాం కదా, ఆ మాట విన్నాక నాకు మనసులో గుచ్చుకుంది. ఈసారి హోటల్లో దిగుదాం, డబ్బు ఎక్కువైనా సరే.

ఇప్పుడు అసలు సంగతి. నదికి అవతల వైపుకి వచ్చాం. రాతి గోడలో ఆ బుల్లి కిటికీ. మన పాత ఇళ్ళలో దీపం పెట్టే గూడు ఎంతుంటుందో అంతే ఉంది, పైన వంపు, చిన్న చెక్క తలుపు, పక్కన గంట. ఊళ్ళో ఇలాంటివి 150కి పైగా ఉన్నాయని, జమీందారీ కుటుంబాలవాళ్ళు వందల ఏళ్ళ కిందట తమ తోటల్లో చేసిన వైన్‌ని ఇంట్లోంచే అలా అమ్ముకునేవాళ్ళని చెప్పింది. 1630ల్లో ప్లేగు వచ్చినప్పుడు మనుషులు తాకకుండా ఆ కంతలోంచే అమ్మేవాళ్ళట, డబ్బులు కూడా చేత్తో ముట్టుకోకుండా గరిటెతో తీసుకుని వెనిగర్‌లో వేసేవాళ్ళట. 2020లో కరోనా అప్పుడు మళ్ళీ కొన్ని తెరిచారు. అదంతా ఆసక్తిగానే వింటున్నాను. అంతలో ఎవరో గంట కొట్టారు. తలుపు తెరుచుకుంది. లోపల మనిషి కనపడలేదు, చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది, గ్లాసుతో. నువ్వు అది అందుకుని "అమ్మా, పట్టుకో, ఫోటో తీస్తా" అన్నావు.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. నా ముఖం ఎలా మారిందో నాకు తెలియదు, నీ ముఖం మాత్రం చూశాను.

చిన్నీ, మీ తాతయ్య కామెర్లతో పోయాడని నీకు చెప్పాను. కామెర్లు నిజమే. అవి ఎందుకొచ్చాయో చెప్పలేదు. మా ఊళ్ళో సారా కొట్టు తాటాకు పాకలో ఉండేది. ముందు అడ్డంగా చెక్క బిగించి, అందులో చెయ్యి పట్టేంత కంత కోశారు. కూలి డబ్బులు ఆ కంతలో పెడితే లోపలి మనిషి కనపడడు, చెయ్యి బయటికొస్తుంది, సారా ప్యాకెట్‌తో. పొద్దుపోయాక అమ్మ నన్ను పంపేది, "పోయి మీ నాయన్ని పిలుచుకురా, నిన్ను చూస్తే వస్తాడు" అని. ఎనిమిదేళ్ళప్పటి నుంచీ ఆ కంత ముందు నిలబడ్డాను. కొన్నిసార్లు వచ్చేవాడు. నా భుజం మీద చెయ్యేసి, బరువంతా నా మీద మోపి నడిచేవాడు. కొన్నిసార్లు నా చేతికే డబ్బులిచ్చి ఇంకోటి తెమ్మనేవాడు. నేను ఆ కంతలో చెయ్యి పెట్టి తెచ్చేదాన్ని.

1992లో నాకు 14 ఏళ్ళు. మన నెల్లూరు జిల్లాలోనే దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారని కబురొచ్చింది. వాళ్ళని ముందుండి నడిపిన రోశమ్మగారి పేరు అప్పుడే మొదటిసారి విన్నాను. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళే ఇదంతా మొదలుపెట్టారని అనుకునేవాళ్ళు. మా ఊళ్ళో కూడా అమ్మ, ఇంకో ఇరవై మంది, చీపుర్లూ కారం పొట్లాలూ పట్టుకుని ఆ పాక ముందు కూర్చున్నారు. మూడో రోజు ప్యాకెట్ల బస్తా బయటికి లాగి తగలబెట్టారు. ఆ నీలం మంట నాకిప్పటికీ కళ్ళలో ఉంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆపేశారు. కానీ తాతయ్య అప్పటికే మంచం పట్టాడు, ఆ సంక్రాంతి చూడలేదు. అమ్మమ్మ ఎప్పుడూ ఆయన్ని ఒక్క మాట అనలేదు నీ ముందు, నన్నూ అననివ్వలేదు. గోడ మీది ఫోటోకి నువ్వు దణ్ణం పెట్టుకునేదానివి, దాన్ని పాడుచేయాలనిపించలేదు మాకు.

అదీ సంగతి. నువ్వు తాగుతున్నావని నేను వెనక్కి తగ్గలేదు. ఆ కంతలోంచి వచ్చిన చేతిని చూసి తగ్గాను.

నిజానికి ఆ తర్వాత నేను నిన్నే చూస్తూ కూర్చున్నాను, నువ్వు గమనించలేదు. చివరి కొట్లో ఆవిడ మెడ దగ్గర నల్ల కోడిపుంజు బొమ్మ ఉన్న సీసా చూపించి, కియాంతీ క్లాసికో వైన్ అంటే ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్య నేలలో పండినదే అయ్యుండాలని, నూటికి కనీసం 80 వంతులు సాంజొవేసే అనే ద్రాక్షే ఉండాలని, ఆ ప్రాంతానికి హద్దులు 1716లోనే అక్కడి ప్రభువు గీయించాడని చెప్పింది. మనం నెల్లూరు మొలగొలుకులు అంటామే, ఫలానా నేల, ఫలానా వడ్లు అని, అలాంటి అభిమానం ఆవిడ గొంతులో వినపడింది. పోసింది అడుగున రెండు వేళ్ళంత. ముందు రొట్టె, జున్ను పెట్టాకే పోసింది. తను మాత్రం మంచినీళ్ళే తాగింది. ద్రాక్షగుత్తుల్ని నెలల తరబడి వేలాడదీసి ఎండబెట్టి, చిన్న పీపాల్లో ఏళ్ళకేళ్ళు అటక మీద పెట్టి చేసే తియ్యటి వైన్ గురించి చెప్తూ బాదం బిస్కట్ ముంచుకోమంది. నేను ముంచకుండానే తిన్నాను, పళ్ళు నొప్పి పుట్టాయి.

అక్కడే నువ్వు నీ గ్లాసుని నూనె సీసా వెనక్కి జరిపావు. నాకు కనపడకుండా. నా ప్రాణం అప్పుడు విలవిల్లాడింది. తాతయ్య ప్యాకెట్లని ఊక బస్తాలో దాచేవాడు, చూరులో దాచేవాడు. అందుకే అడుగుతున్నాను, నా దగ్గర దాచకు. తాగితే నా ఎదురుగానే తాగు. ఎంత తాగుతున్నావో అడిగితే విసుక్కోకు, నేను అడుగుతూనే ఉంటాను. అంత అందమైన ఊరు కాబట్టి అక్కడి తాగుడు వేరే అని కూడా నేను అనుకోవట్లేదు. ఆ రాత్రి మన కిటికీ కింద మెట్ల మీద పడిపోయిన ఆ కుర్రాణ్ణి నువ్వూ చూశావు. అతనికీ అమ్మ ఉంటుంది. నీ ఒంట్లో మా నాన్న రక్తం కూడా ఉంది, ఆ భయం నాకు పోదు, పోవాలని కూడా లేదు. కానీ ఆ భయం వల్ల నువ్వు నాకు దూరం జరిగితే మాత్రం నేను తట్టుకోలేను.

ఏప్రిల్‌లో మీ నాన్న కూడా వస్తానంటున్నారు. మళ్ళీ ఆవిడ దగ్గరే బుక్ చెయ్యి. మీ నాన్నకి ఉప్పు లేని రొట్టె సంగతి ముందే చెప్పాను, ఆవకాయ తెచ్చుకుంటారట, తెచ్చుకోనీ. నదికి అవతల ఆ కిటికీ దగ్గర గంట నేను కొడతాను. లోపల ఎవరున్నారో వంగి చూస్తాను, ముఖం చూసి నమస్కారం పెట్టి, గ్లాసు తీసుకుని నీకిస్తాను. ఫోటో అప్పుడు తియ్యి.

నల్ల ఆకు ఇక్కడ దొరకలేదు, తోటకూర వేసి బొబ్బర్లతో చేశాను, మీ నాన్న రెండోసారి పెట్టించుకున్నారు. స్వెటర్ లేకుండా బయటికి వెళ్ళకు.

అమ్మ