కర్నూల్ రోడ్డులో నా అద్దం నిలబెట్టిన పెద్దాయనకు

మొన్న ఆదివారం ఒంగోలులో పాత సామాన్ల కొట్టులో 350 రూపాయలకు టేకు ఫ్రేము అద్దం కొన్నాను. అద్దె ఇంటి హాల్లో పెడదామని ఆశ. కర్నూల్ రోడ్డులో ఆటో ఎగిరేసరికి ఫ్రేము మూల ఊడింది. ఏడుపొక్కటే తక్కువ. పక్కన టీ తాగుతున్న వడ్రంగి పెద్దాయన గ్లాసు పక్కన పెట్టి వచ్చారు.

మేకు కొట్టమంటే, “వద్దమ్మా, పాత టేకు చీలుద్ది,” అన్నారు. వెదురు పుల్లను అగ్గిపుల్లంత సన్నగా చెక్కి, జిగురు అద్ది మూలలో దిగ్గొట్టారు. ఆరేదాకా కదలకుండా తన భుజం మీది తువ్వాలుతోనే బిగించి కట్టారు.

డబ్బులిస్తే తీసుకోలేదు. “పాలిష్ దండగ, కొబ్బరినూనె గుడ్డతో తుడువు,” అన్నారు.

అలాగే తుడిచాను, మెరుస్తోంది. చుట్టూ అమ్మ పాత వెంకటగిరి చీర అంచు కుట్టాను. మీ తువ్వాలు ఉతికి ఉంచాను పెద్దాయనా, ఆ టీ కొట్టు దగ్గరే ఇస్తాను. చాలా చాలా థ్యాంక్సండీ.