గ్రంథాలయం గుమ్మంలో రోజుకో పేజీ

సంపాదకులకు నమస్కారాలు.

గత వారం మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లి ఆంధ్ర మహాభారతంలో విరాటపర్వం కావాలని అడిగితే, ఇన్‌చార్జి గ్రంథపాలకుడు తాళంచెవుల గుత్తి వెతికి, అద్దాల బీరువా తెరిచి, దుమ్ము దులిపి ఇచ్చారు. వెనక అట్ట లోపల అంటించిన గడువు చీటీ మీద చివరి ముద్ర 1997 నాటిది. ఆయనను తప్పుపట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. మూడు గ్రంథాలయాలను ఆయన ఒక్కరే చూసుకుంటున్నారు, పైగా ఆ గదిలో ఉన్న పాతికమంది యువకులూ గ్రూప్స్ పుస్తకాల కోసం వచ్చినవారే. వానల కోసం విరాటపర్వం చదివించుకున్న ఊళ్లు మనవి. ఇన్నేళ్లుగా దాన్ని ఒక్కరూ ఇంటికి తీసుకువెళ్లలేదంటే అది పుస్తకం దొరకక కాదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి నలభై ఏళ్లు అధ్యక్షుడిగా ఉండి 1909లో విరమించిన చార్లెస్ ఎలియట్, కళాశాల గడప తొక్కనివారు కూడా రోజుకు పావుగంట శ్రద్ధగా చదివితే లిబరల్ విద్య (సాహిత్యం, చరిత్ర, శాస్త్రం అన్నీ కలిసిన చదువు) లోటును చాలావరకు పూడ్చుకోవచ్చని, అందుకు కావలసిన పుస్తకాలన్నీ అయిదడుగుల అరలో పడతాయని అనేవారు. కొలియర్ ప్రచురణ సంస్థ ఆ మాట పట్టుకుని, ఆయన చేతనే ఎంపిక చేయించి 50 సంపుటాలు అచ్చువేసింది. వాటిలో డార్విన్ ఉన్నాడు, అరేబియన్ రాత్రుల కథలున్నాయి, మన భగవద్గీత ఇంగ్లీషు అనువాదమూ ఉంది. ఇంతా చేసిన ఎలియట్ రసాయనశాస్త్రం చెప్పిన మాస్టారు. ఎంపీసీ, బైపీసీ కానిది చదువే కాదనుకునే మన ఇళ్లలో ఈ సంగతి కాస్త గుర్తుంచుకోదగినది.

నన్ను ఆకట్టుకున్నది ఆ సంపుటాల కన్నా, తర్వాత వాటికి తోడుగా వచ్చిన దినసరి పట్టిక. ఏ తేదీన ఏ సంపుటంలో ఏ పుటలు చదవాలో, పావుగంటలో ముగిసేటట్టు, అది ఏడాది పొడుగునా చూపిస్తుంది. జనవరి 1న ఫ్రాంక్లిన్ ఆత్మకథలో కొన్ని పుటలతో మొదలు. ఎక్కడ పట్టుకోవాలో తెలియని బెదురే మనలో చాలామందిని పెద్ద పుస్తకానికి దూరంగా నిలబెడుతుంది. ఆ బెదురును ఒక తేదీ పోగొడుతుంది. రామాలయం అరుగు మీద పురాణ కాలక్షేపం నడిచినదీ ఈ తీరునే: నిన్న ఆపిన పద్యం దగ్గర నేడు అందుకోవడం. అక్షరం రాని మా తాతగారు యక్షప్రశ్నలకు జవాబులు వరసగా చెప్పేవారంటే, అలా రాత్రి తర్వాత రాత్రి విన్న ఫలితమే.

ఎలియట్ జాబితాను మనం నెత్తికెత్తుకోనక్కరలేదు. అది ఆయన కాలపు అమెరికా చదువరుల కోసం ఏర్చినది, స్త్రీల రచనలు అందులో వెతుక్కోవలసినంత తక్కువ. మన అరలో తిక్కన పక్కన వేమన, మొల్ల పక్కన జాషువా, గురజాడ పక్కన తెలుగులోకి వచ్చిన టాల్‌స్టాయ్ ఉండవచ్చు. ఆ సంపుటాల కన్నా ముందే, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు గారూ వారి మిత్రులూ విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, చరిత్రనూ శాస్త్రాన్నీ తెలుగు పుస్తకాలుగా అందించే పని మొదలుపెట్టారు కదా.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అది చేరవలసిన చోటికి ఎప్పుడు చేరుతుందన్న పాత గొడవలోకి ఇప్పుడు పోను. నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థలు తెలుగు అధ్యాపకులతో పాటు సైన్సు, చరిత్ర తెలిసినవారినీ కూర్చోబెట్టి 365 రోజుల పట్టిక తయారు చేయించాలి. ఉదయం బల్ల మీద పత్రికలు పరిచే వేళకే ఆనాటి పేజీని పెద్ద అక్షరాల్లో గుమ్మం పక్క బోర్డుకు అంటించి, అది ఏ పుస్తకంలోదో, ఏ బీరువాలో ఉందో అడుగున రాయాలి. పద్యమైతే తాత్పర్యం తప్పనిసరి. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న పిల్లలు తాత్పర్యం లేని పద్యం వంక చూడనైనా చూడరు. పోటీ పరీక్షలవారికి ఇదంతా దేనికని అడగవచ్చు. వారు టీ తాగడానికి లేచి బయటికి వచ్చే వ్యవధి కూడా పావుగంటే.

నవంబర్ 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాల్లో ఏటా శాలువాలూ వ్యాసరచన పోటీలూ ఎలాగూ ఉంటాయి కనుక, ఈ ఏడు తొలి పేజీ కూడా ఆనాడే అంటించవచ్చు. విరాటపర్వం ప్రస్తుతం నా దగ్గరే ఉంది. గడువు పదిహేను రోజులు. ఈలోగా ఎవరైనా అడిగితే ముందే తిరిగి ఇచ్చేస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
బాపట్ల జిల్లా